కందకు లేని దురద

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అనే సామెతను ఎనిమిదో తరగతిలో చెప్పని తెలుగు ఉపాధ్యాయులు ఉండరు. తనకు సంబంధం లేని విషయంలో తలదూర్చేవారిని చూసి ఈ మాట అంటాం. సామెత పుట్టించిన పెద్దలకు వంటింటి సంగతి ఒకటి బాగా తెలుసు. కంద కోస్తే చేతులు దురదపెడతాయి, సరిగ్గా ఉడక్కపోతే నోరూ గొంతూ దురదపెడతాయి. అందుకే మన ఇళ్లలో కందను చింతపండు వేసి వండుతారు.

ఈ సామెత చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు. "మేడమ్, నాకు వంకాయ పడదు. తింటే దురద. అదీ కందలాంటిదేనా?" అడిగిన పిల్లల్లో కొందరి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక నల్లబడి గరుకెక్కిన చర్మం కనిపిస్తుంది. అది ఇవాళ కూర తింటే వచ్చింది కాదు. ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉన్నది. వైద్యులు దాన్ని అటోపిక్ డెర్మటైటిస్ అంటారు. వాడుకలో ఎగ్జిమా అంటున్నాం.

నాది బదిలీల ఉద్యోగం. రాజస్థాన్ ఎడారి అంచున పనిచేశాను, అస్సాంలోని బరాక్ లోయలో పనిచేశాను, ఇప్పుడు మళ్లీ సముద్రం దగ్గరకు వచ్చాను. ఎక్కడికి వెళ్లినా ప్రతి తరగతిలో ఇలాంటి పిల్లలు ఒకరిద్దరు కనిపించారు. తల్లిదండ్రుల సమావేశాల్లో నేను విన్న కారణాలు మాత్రం ఊరు మారేకొద్దీ మారాయి. కోస్తాలో వంకాయ, గోంగూర, ఎండుచేపలు అంటారు. బరాక్ లోయలోనూ వంకాయనే తప్పుపడతారు, ఆ తర్వాత వంతు రొయ్యలది. ఎడారిలో చేపలు తినేవారే తక్కువ, అయినా "చేప తిని పాలు తాగి ఉంటాడు" అన్నవారున్నారు. జబ్బు ఒకటే. నేరం మోపే కూర మాత్రం ఊరికొకటి. అసలు ఇందులో తిండి పాత్ర ఎంత? కంటికి కనిపించని సూక్ష్మజీవుల పాత్ర ఎంత? ఈ వ్యాసంలో చూద్దాం.

"పడదు" అనే మాటకు మూడు అర్థాలు

"నాకు అది పడదు" అని తెలుగులో తేలిగ్గా అనేస్తాం. ఆ ఒక్క మాట కింద శరీరంలో జరిగే మూడు వేర్వేరు పనులు దాగి ఉంటాయి.

మొదటిది కంద దురద. కందలో కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం సూదుల్లాంటి స్ఫటికాల రూపంలో ఉంటుంది. అవి చర్మానికీ నోటికీ గుచ్చుకుంటాయి. ఈ దురదకు మనిషి తేడా లేదు, పచ్చి కంద కొరికితే ఎవరికైనా వస్తుంది. ఇది అలర్జీ కాదు.

రెండోది పాడైన చేప దురద. కానాగంతలు, ట్యూనా లాంటి చేపల మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. పట్టిన చేపను ఐస్‌లో పెట్టకుండా వదిలేస్తే కొన్ని బాక్టీరియాలు ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తాయి. హిస్టమిన్ అంటే అలర్జీ వచ్చినప్పుడు మన శరీరమే విడుదల చేసే రసాయనం. వండినా అది పోదు. ఆ చేప తిన్నవారికి ముఖం ఎర్రబడుతుంది, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, తలనొప్పి వస్తుంది. చూడటానికి అచ్చం అలర్జీలాగే ఉంటుంది. కానీ ఒకే గిన్నెలోంచి తిన్న నలుగురిలో ముగ్గురికి వచ్చిందంటే తప్పు మనుషులది కాదు, చేపది. మరోసారి తాజా చేప తింటే వారికి ఏమీ కాదు.

మూడోది అసలైన అలర్జీ. తిండిలో దోషం ఉండదు, పక్కవాడికి అది అమృతం. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ మాత్రం దాన్ని శత్రువనుకుంటుంది.

ఇక ఎగ్జిమా ఈ మూడింటిలో దేనికీ పూర్తిగా చెందదు. మూడో దానికి దగ్గరి చుట్టం, అంతే. ఆ చుట్టరికం అర్థం కావాలంటే ముందు అలర్జీ సంగతి తెలియాలి.

ఒకరి నెత్తురు, ఇంకొకరి చర్మం

"అలర్జీ" అనే మాటను 1906లో ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే తయారుచేశాడు. గ్రీకు భాషలో వేరు, చర్య అనే అర్థాలున్న రెండు మాటలు కలిపితే వచ్చింది అది. శరీరం మామూలుగా కాకుండా వేరేగా స్పందించడం అని భావం.

ఆ వేరే స్పందన ఎక్కడ ఉంటుందో చూపిన ప్రయోగం 1921లో జరిగింది. జర్మనీ వైద్యుడు హైంజ్ క్యూస్ట్‌నర్‌కు వండిన చేప తింటే పడేది కాదు. ఆయన నెత్తురు నుంచి తీసిన సీరమ్‌ను సహచరుడు కార్ల్ ప్రౌస్‌నిట్జ్ తన పొట్ట చర్మంలోకి సూదితో ఎక్కించుకున్నాడు. మర్నాడు సరిగ్గా అదే చోట చేప సారం ఎక్కించుకున్నాడు. చేపలు హాయిగా తినే ప్రౌస్‌నిట్జ్‌కు అక్కడ మాత్రం దద్దురు లేచింది. అంటే అలర్జీని మోసే పదార్థం ఏదో నెత్తురులో ఉంది. అదేమిటో తేలడానికి ఇంకా 45 ఏళ్లు పట్టింది. 1966లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగే ఇషిజాకా, తెరుకో ఇషిజాకా దాన్ని పట్టుకున్నారు. స్వీడన్‌లో మరో బృందం కూడా దాదాపు అదే సమయంలో వేరే దారిలో అక్కడికే చేరింది. 1968లో దానికి ఐజీఈ అని పేరు పెట్టారు.

ఐజీఈ అనేది ఒక ప్రతిరక్షకం, అంటే యాంటీబాడీ. ఇది చర్మంలోనూ పేగుల్లోనూ ఉండే మాస్ట్ కణాల మీద కూర్చుని కాపలా కాస్తుంది. తనకు గుర్తున్న పదార్థం వస్తే మాస్ట్ కణం పగిలినట్టై హిస్టమిన్‌ను వదులుతుంది. నిమిషాల్లో దద్దుర్లు, వాపు, దురద మొదలవుతాయి. సాధారణంగా రెండు గంటల లోపే ఇదంతా జరుగుతుంది. ఈ "రెండు గంటలు" గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

బీటలు వారిన గోడ

మన చర్మం పై పొరను ఇటుక గోడతో పోల్చవచ్చు. చదునైన కణాలు ఇటుకలు. వాటి మధ్య ఉండే కొవ్వు పదార్థాలు సున్నం. లోపలి తడి బయటకు పోకుండా, బయటి దుమ్మూ సూక్ష్మజీవులూ లోపలికి రాకుండా ఈ గోడ కాపాడుతుంది.

ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ ఈ ఇటుకలను గట్టిగా పేర్చడానికి సాయపడుతుంది. తర్వాత అదే చిన్న ముక్కలుగా విడిపోయి చర్మంలో తడిని పట్టి ఉంచుతుంది. ఈ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో లోపం ఉన్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువని 2006లో స్కాట్లాండ్, ఐర్లండ్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఎగ్జిమా ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ లోపం ఉండదు. కానీ ఆ పరిశోధనతో వైద్యుల ఆలోచన మలుపు తిరిగింది. అంతకు ముందు "లోపల అలర్జీ ఉంది కాబట్టి చర్మం చెడింది" అనుకునేవారు. "గోడ బలహీనంగా ఉంది కాబట్టి అలర్జీలు లోపలికి వస్తున్నాయి" అనే ఆలోచన కూడా దాని పక్కన చేరింది.

తెలుగు జిల్లాల నుంచి తొమ్మిదో తరగతిలో ఉత్తరాదికి వెళ్లే మన నవోదయ పిల్లలకు ఇది అనుభవమే. ఇక్కడి ఉక్కపోతలో కాస్త సర్దుకుని ఉన్న చర్మం అక్కడ డిసెంబరు పొడిగాలికి పగిలిపోతుంది. అప్పుడు "ఇక్కడి గోధుమ రొట్టె పడటం లేదు" అని ఇంటికి ఫోన్ చేస్తారు. రొట్టె మారింది నిజమే. గాలి కూడా మారింది కదా!

ద్రాక్షగుత్తి సూక్ష్మజీవి

1880లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ నగరంలో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే శస్త్రవైద్యుడు చీముగడ్డల్లోంచి తీసిన చీమును సూక్ష్మదర్శిని కింద చూశాడు. గుత్తులు గుత్తులుగా గుండ్రటి సూక్ష్మజీవులు కనిపించాయి. ద్రాక్షగుత్తికి గ్రీకులో ఉన్న మాటతో వాటికి స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. 1884లో రోజెన్‌బాఖ్ అనే జర్మన్ వైద్యుడు అందులో బంగారు రంగులో పెరిగే రకానికి ఆరియస్ అనే మాట చేర్చాడు. అదే స్టెఫిలోకాకస్ ఆరియస్.

ఇది మనకు కొత్త అతిథి కాదు. ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ సుమారు 20 నుంచి 30 శాతం మంది ముక్కుల్లో నిశ్శబ్దంగా ఉంటుంది. మామూలు చర్మం మీద మాత్రం దానికి చోటు దొరకదు. అక్కడ వేరే మంచి సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. వాటిలో కొన్ని దీన్ని చంపే పదార్థాలను కూడా తయారుచేస్తాయని అమెరికాలోని శాన్ డియేగో శాస్త్రవేత్తలు 2017లో చూపారు. చర్మం కూడా తనంతట తాను సూక్ష్మజీవులను చంపే పదార్థాలను ఊరిస్తుంది.

ఎగ్జిమా చర్మంలో ఈ ఏర్పాట్లన్నీ సడలిపోతాయి. అనేక పరిశోధనల లెక్కలను కలిపి 2016లో ప్రచురించిన సమీక్ష ప్రకారం ఎగ్జిమా రోగుల్లో సుమారు 70 శాతం మంది మచ్చల మీద స్టెఫిలోకాకస్ ఆరియస్ ఉంది. జబ్బు పెచ్చుమీరినప్పుడు మిగిలిన రకాలు తగ్గిపోయి ఇదే చర్మాన్ని ఏలుతుంది.

వచ్చి ఊరుకుంటుందా అంటే, లేదు. ఇది వదిలే కొన్ని విషాలు రక్షణ కణాలను అదుపు తప్పేలా రెచ్చగొడతాయి. మరో విషం మాస్ట్ కణాలను నేరుగా తట్టి లేపుతుంది. ఆ మంటలో పుట్టే రసాయన సందేశాలు ఫిలాగ్రిన్ తయారీని ఇంకా తగ్గిస్తాయి. సూక్ష్మజీవులను చంపే పదార్థాల ఊటనూ తగ్గిస్తాయి. అంటే గోడ ఇంకొంచెం కూలుతుంది, దొంగకు తలుపు ఇంకొంచెం తెరుచుకుంటుంది.

2023లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఇంకో ఆశ్చర్యమైన సంగతి బయటపెట్టారు. ఈ సూక్ష్మజీవి వీ8 ప్రోటియేజ్ అనే ఎంజైమును విడుదల చేస్తుంది. అది చర్మంలోని నాడుల చివర ఉండే ఒక గ్రాహకాన్ని కత్తిరించి నేరుగా దురదను పుట్టిస్తుందని ఎలుకల్లో చూపారు. అంటే వాపు లేకపోయినా, అలర్జీ లేకపోయినా, సూక్ష్మజీవే దురద పెట్టించగలదు.

పల్లెటూరి పిల్లలకు ఈ విద్య కొత్తేమీ కాదు. దూలగొండి కాయ తెలుసు కదా! దాని మీది నూగు ఒంటికి తగిలితే ఒళ్లంతా గోక్కోవలసిందే. ఆ నూగులో మ్యుకునెయిన్ అనే ఎంజైము ఉంది. అది కూడా ప్రోటీన్‌ను కత్తిరించేదే, అదే కుటుంబానికి చెందిన గ్రాహకాలనే తట్టి దురద పుట్టిస్తుంది. చేను గట్టున పెరిగే తీగకూ, కంటికి కనిపించని సూక్ష్మజీవికీ ఒకటే ఉపాయం తట్టింది.

దురద పుడితే గోకుతాం. గోకితే గోళ్లు గోడను చీలుస్తాయి. చీలికలోకి సూక్ష్మజీవి దిగుతుంది. మళ్లీ దురద. ఈ గానుగ చుట్టే ఎగ్జిమా పిల్లలు తిరుగుతూ ఉంటారు. "గోకొద్దు" అని వారిని కసిరేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. అది చెడ్డ అలవాటు కాదు, నాడులు పెట్టే పోరు.

మరి తిండి సంగతేమిటి?

తిండికి పాత్ర లేదని చెప్పడం లేదు. చిన్న వయసులోనే తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లల్లో ఆహార అలర్జీ మిగిలిన పిల్లల్లో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. పాలు, గుడ్లు, వేరుశనగ, గోధుమ, సోయా, చేపలు, రొయ్యలు, జీడిపప్పు లాంటి గింజలు అందులో ముఖ్యమైనవి. వారిలో కొందరికి ఆ తిండి తిన్నాక దద్దుర్లు రావడంతో పాటు ఎగ్జిమా కూడా పెరుగుతుంది. కానీ పెద్ద పిల్లల్లో, ఎగ్జిమా తేలిగ్గా ఉన్నవారిలో తిండి ఒక్కటే కారణం కావడం అరుదు.

ఇక్కడ చాలామంది కుటుంబాలు ఒక కాగితం దగ్గర బోల్తా పడతాయి. నెత్తురు పరీక్ష చేయిస్తే ఇరవై ముప్పై పదార్థాల జాబితా వస్తుంది. ఎదురుగా "పాజిటివ్" అని ఉంటుంది. దానితో ఆ పదార్థాలన్నీ ఇంట్లోంచి వెళ్లిపోతాయి. నిజానికి ఆ పరీక్ష చెప్పేది ఒంట్లో ఆ పదార్థానికి ఐజీఈ ఉందని మాత్రమే. అది తింటే జబ్బు చేస్తుందని కాదు. కర్ణాటకలో పెద్దవారి మీద జరిగిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. అందులో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ ఉన్నవారు సుమారు 26 శాతం. నిజంగా ఆహార అలర్జీ ఉండే అవకాశం ఉన్నవారు ఒక శాతానికి కాస్త పైన. రెండు సంఖ్యల మధ్య ఎంత దూరం ఉందో చూడండి. కాగితం చూసి తిండి మాన్పిస్తే పాతికమందిలో ఇరవైమందికి పైగా అనవసరంగా పస్తు పెట్టినట్టే.

వంకాయ మీద కూడా మన దేశంలోనే, మైసూరులోనే పరిశోధన జరిగింది. వంకాయ తింటే తమకు ఇబ్బంది అని చెప్పినవారిని పరీక్షిస్తే, ఐజీఈతో వచ్చే అసలైన అలర్జీ ఉన్నవారు వారిలో కొద్దిమందే. వంకాయ అలర్జీ లేదని కాదు, ఉంది. కానీ మన మాటల్లో ఉన్నంత లేదు.

మరి ఇంతమందికి అనుమానం ఎందుకు వస్తుంది? ఎగ్జిమా తనంతట తానే వారానికోలా ఉంటుంది. చెమట, చలి, పరీక్షల ఒత్తిడి, ఉన్ని స్వెట్టరు, జలుబు, ఏదైనా దాన్ని పెంచగలదు. ఆదివారం వంకాయ తిన్నాడు, మంగళవారం దురద పెరిగింది. ఈ రెండు రోజుల్లో జరిగిన మిగతా పది సంగతులు ఎవరికీ గుర్తుండవు, కూర గుర్తుంటుంది. పైగా దురద మరీ ఎక్కువైనప్పుడే కూర మానేస్తాం. అత్యంత ఎక్కువైన దురద ఎలాగూ నాలుగు రోజుల్లో కొంచెం తగ్గుతుంది. పేరు మాత్రం పథ్యానికి వస్తుంది.

చేపలూ పాలూ కలిస్తే బొల్లి వస్తుందనే మాట కూడా ఇలాంటిదే. బొల్లిలో చర్మానికి రంగునిచ్చే కణాలు నశిస్తాయి. ఆ పని చేసేది మన రక్షణ వ్యవస్థే గాని, చేపల పులుసూ పాలగ్లాసూ కాదు.

మానేయడం కూడా ప్రమాదమే

"అనుమానం ఉంటే మానేస్తే పోలా? నష్టం ఏముంది?" అని అడుగుతారు. నష్టం ఉంది.

నేను పనిచేసిన ఒక చోట ఆరో తరగతి అమ్మాయి ఉండేది. ఎగ్జిమా తగ్గాలని ముందు గుడ్డు మాన్పించారు, తర్వాత పాలు, ఆపైన పల్లీలు, పప్పులు. జాబితా పెరిగింది, దురద తగ్గలేదు. మెస్‌లో ఆ పిల్ల అన్నం, మజ్జిగ లేని చారు తిని లేచేది. పరుగు పందెంలో ముందుండే పిల్ల మెట్లెక్కితే ఆయాసపడటం మొదలుపెట్టింది. పిల్లల వైద్యురాలు చూసి, జాబితాలోని పదార్థాలను ఒక్కొక్కటిగా తన ఎదుటే తినిపించి పరీక్షించారు. చివరికి గుడ్డు ఒక్కటే నిజంగా పడనిదని తేలింది. మిగిలినవన్నీ పళ్లెంలోకి తిరిగి వచ్చాయి. చర్మానికి సరైన లేపనాలు రాశాకే దురద అదుపులోకి వచ్చింది.

నష్టం పోషణతోనే ఆగదు. బ్రిటన్‌లో యూదు కుటుంబాల పిల్లల్లో వేరుశనగ అలర్జీ ఇజ్రాయెల్ పిల్లల్లో కంటే సుమారు పది రెట్లు ఎక్కువని 2008లో ఒక పరిశోధన చూపింది. ఇజ్రాయెల్‌లో పాలుమాన్పకముందే వేరుశనగతో చేసిన చిరుతిండి పిల్లల నోట్లో పెడతారు. బ్రిటన్‌లో అప్పట్లో చిన్నపిల్లలకు దాన్ని పెట్టేవారు కాదు. ఈ తేడా చూసి లండన్ వైద్యుడు గిడియన్ లాక్ బృందం 640 మంది పసిపిల్లలను తీసుకుంది. అందరికీ 4 నుంచి 11 నెలల వయసు. అందరికీ తీవ్రమైన ఎగ్జిమా గాని, గుడ్డు అలర్జీ గాని, రెండూ గాని ఉన్నాయి. సగంమందికి వేరుశనగ పెట్టారు, సగంమందికి దూరంగా ఉంచారు. అయిదేళ్లు వచ్చాక చూస్తే దూరంగా ఉంచినవారిలో సుమారు 17 శాతం మందికి వేరుశనగ అలర్జీ వచ్చింది. తిన్నవారిలో సుమారు 3 శాతం మందికే వచ్చింది. 2015లో ఈ ఫలితం వెలువడ్డాక అనేక దేశాల్లో పసిపిల్లల తిండి గురించిన సలహాలు మారాయి. (పసిపిల్లలకు పల్లీ గింజలు పెట్టకూడదు, గొంతుకు అడ్డుపడతాయి. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పాపకు ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యులే చెప్పాలి.)

దీని వెనకున్న ఆలోచన ఇది. కొత్త ఆహారం నోటి దారిలో పేగుల్లోకి వెళితే శరీరం దాన్ని చుట్టంగా గుర్తిస్తుంది. బీటలు వారిన చర్మం దారిలో లోపలికి వస్తే దొంగగా గుర్తిస్తుంది. జపాన్‌లో దీనికి సాక్ష్యం లాంటి సంఘటన జరిగింది. గోధుమ ప్రోటీన్‌ను ముక్కలు చేసి కలిపిన ఒక సబ్బుతో ముఖం కడుక్కున్నవారిలో రెండు వేలమందికి పైగా గోధుమ అలర్జీ బారిన పడ్డారు. అంతకు ముందు వారు గోధుమ వంటకాలు హాయిగా తిన్నవారే. ఇది తెలిశాక, పగిలి రసి కారుతున్న చర్మానికి శనగపిండి నలుగు పెట్టి రుద్దేముందు ఒకసారి ఆలోచించాలి. మామూలు చర్మం సంగతి వేరు.

గజ్జి వేరు, తామర వేరు, ఇది వేరు

మనం ఈ మూడింటినీ కలిపి "గజ్జి తామర" అనేస్తాం. హాస్టల్లో ఈ తేడా చాలా ముఖ్యం.

గజ్జి ఒక చిన్న పురుగు వల్ల వస్తుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ కురుపులు లేస్తాయి, రాత్రిపూట దురద ఎక్కువ. ఇది అంటుకుంటుంది. గదిలో ఉన్నవారందరికీ ఒకేసారి మందు రాయాలి. తామర శిలీంధ్రం వల్ల వస్తుంది. గుండ్రటి అంచుతో చక్రంలా పెరుగుతుంది. ఇదీ అంటుకుంటుంది. ఎగ్జిమా మాత్రం అంటుకోదు. పక్కన కూర్చుంటే రాదు, చేయి కలిపితే రాదు, ఒకే పళ్లెంలో తింటే రాదు. దాని మీద చేరిన సూక్ష్మజీవి మనలో చాలామంది ముక్కుల్లో ముందే ఉన్నదే.

మూడింటికీ మందులు వేరు. మందుల దుకాణంలో అడిగితే ఇచ్చే "అన్నిటికీ ఒకటే" ట్యూబులో చాలాసార్లు బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. తామరకు అది రాస్తే రెండు రోజులు ఎర్రదనం తగ్గి, తర్వాత శిలీంధ్రం రెట్టింపు వేగంతో పాకుతుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టెరాయిడ్ లేపనాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. అయితే స్టెరాయిడ్ అనగానే భయపడనక్కరలేదు. ఎగ్జిమాకు డాక్టరు చెప్పిన బలంలో, చెప్పినన్ని రోజులు రాస్తే అది మంచి మందే.

హాస్టల్లో, ఇంట్లో చేయగలిగినవి

రోజూ స్నానం చేయండి. సలసల కాగే నీళ్లు వద్దు, గోరువెచ్చని నీళ్లు చాలు. పది నిమిషాలకు మించకండి. పీచు పెట్టి రుద్దకండి. తువ్వాలుతో అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే తడిని నిలిపే లేపనం రాయండి. ఇది ఖర్చుతో కూడిన పని అనుకోనక్కరలేదు. వాజెలిన్ లాంటి జెల్లీ చాలు. కొబ్బరినూనె కూడా పనికొస్తుంది. ఎగ్జిమా చర్మం మీద స్వచ్ఛమైన కొబ్బరినూనె రాస్తే స్టెఫిలోకాకస్ తగ్గిందని ఫిలిప్పీన్స్‌లో జరిగిన పరిశోధన చూపింది. కూలిన గోడకు రోజూ చేసే మెత్తుడు ఇదే.

గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. ఉన్ని స్వెట్టరు కింద నూలు చొక్కా తప్పనిసరి. తువ్వాలు ఎవరిది వారిదే. రసి కారుతూ పసుపు పచ్చని పక్కు కడితే, జ్వరం వస్తే, నొప్పితో చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి. యాంటీబయాటిక్ మాత్రలు సొంతంగా మింగవద్దు. అవి మంచి సూక్ష్మజీవులనూ చంపుతాయి, మొండి రకాలను మిగులుస్తాయి.

తిండి మీద అనుమానం ఉంటే నోటుపుస్తకం ఒకటి పెట్టండి. ఏం తిన్నాను, ఎంత తిన్నాను, ఎంతసేపటికి ఏం వచ్చింది, అదే వంట తిన్న పక్కవారికి ఏమైంది, ఆ రోజు చలి ఎలా ఉంది, చెమట పట్టిందా, రాయండి. రెండు గంటల లోపు, తిన్న ప్రతిసారీ, దద్దుర్లో వాపో వస్తుంటే ఆ పుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఒకసారి వచ్చి మరోసారి రాకపోతే ఆ కూరను నిర్దోషిగా వదిలేయవచ్చు. ఏదైనా మాన్పించి చూడాలంటే అది వైద్యుల సలహాతో, కొన్ని వారాల పాటు, మళ్లీ మొదలుపెట్టే తేదీతో సహా జరగాలి. గడువు లేని పథ్యం వైద్యం కాదు.

ఒకటి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఏదైనా తిన్న కాసేపటికి పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, వాంతులతో పాటు కళ్లు తిరిగి పడిపోయినా, అది ప్రాణం మీదికి వచ్చే అలర్జీ. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ ఇచ్చే ఎడ్రినలిన్ సూదిమందే ప్రాణం నిలుపుతుంది. ఇలాంటి అలర్జీ ఉందని తేలిన పిల్లల వివరాలు హౌస్ మాస్టరు దగ్గర, మెస్ వంటవారి దగ్గర, నర్సు దగ్గర రాసి ఉండాలి. "కొంచెం తింటే ఏమవుతుందిలే" అని స్నేహితులు బలవంతం చేయకూడదు.

చివరగా పిల్లలకు ఒక మాట. ఎగ్జిమా ఉన్న పిల్లలు దురద కంటే ఎక్కువగా బాధపడేది ఖాళీగా వదిలేసిన పక్క సీటును చూసి. వేసవిలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకునేది, ఆటల పీరియడ్‌లో కడుపునొప్పి అని చెప్పేది అందుకే. అంటుకోని జబ్బుకు అంటరానితనం అంటగట్టడం చదువుకున్నవారు చేయాల్సిన పని కాదు. రేపు తరగతిలోకి వెళ్లాక ఆ సీటులో కూర్చోండి. నోట్సు అడగండి, కబడ్డీకి పిలవండి. అతను గోక్కుంటే చూడనట్టు ఊరుకోండి.